‘ఫోల్డ్’ అను మాట: అసలు లెక్కలో చేరునా?

ఒకనాడు మేము తరగతిలో నల్లబల్లపై నొక యింగ్లీషు వాక్యమును వ్రాసి తెనిగింపుడని బాలురను కోరితిమి. బియ్యము వెల ‘త్రీఫోల్డ్’ పెరిగెనని దాని భావము. అందఱును ‘మూడు రెట్లు పెరిగినది’ అని వ్రాసిరి. మొదటి వెల రూపాయి యైనచో ఇప్పటి వెల యెంత యని యడుగగా సగముమంది మూడనిరి, తక్కినవారు నాలుగనిరి. పెరిగినదనగా అసలుమీద చేరినదే కదా యని రెండవవారి వాదము. దానిని మేము వెంటనే త్రోసివేయలేకపోతిమి.

ఈ చిక్కునకు విడుదల ఆ మాట పుట్టుకలో దొరకును. ‘ఫోల్డ్’ అనగా మడత. ప్రాచీనాంగ్లమున ‘ఫేల్డ్’ అను రూపమున నిది సంఖ్యలకు చివర చేరుచుండెను. లాటినులోని ‘డుప్లెక్స్’, ‘ట్రిప్లెక్స్’ అను మాటలలోను మడతయే యున్నది. ఇచట లెక్కించునది మడచిన మాఱులను గాదు, ఏర్పడిన పొరలను. వస్త్రము నొకమాఱు మడచిన రెండు పొరలగును. ఆ రెంటిలో మొదటిది అసలు వస్త్రమే. 1611 నాటి ఆంగ్ల బైబిలులో మంచి నేలను పడిన విత్తు ‘హండ్రెడ్‌ఫోల్డ్’ ఫలించెననగా ఒక గింజకు నూఱు గింజలని యర్థము, నూటయొకటి యని కాదు.

మన భాషలలోను ఇదే త్రోవ. సంస్కృతమున గుణమనగా త్రాటి పేట. మూడు పేటల త్రాడు త్రిగుణము. గుణకారమను గణితపు మాటయు ఆ కుటుంబములోనిదే. తమిళ కన్నడములలో ‘మడి’ యనగా మడతయు, రెట్టును. మన ఇనుమడి, ముమ్మడి వాని తోబుట్టువులు. (కన్నడిగులు రెండవ పులకేశిని ‘ఇమ్మడి పులకేశి’ యందురు. అచట ఇమ్మడి వరుసను తెలుపునేకాని, రాజు రెట్టింపైనాడని కాదు!)

ఈ లెక్క బడిలోనే ముగియునది కాదు. ఒకేమాఱు వసూలు చేయు వడ్డీ ద్వైగుణ్యమును మీరరాదని మనుస్మృతి యెనిమిదవ అధ్యాయము విధించినది. అసలును వడ్డీయు కలిసి అసలుకు రెండింతలనియే దీని నన్వయించిరి. నూఱు రూపాయల ఋణమునకు వడ్డీ నూఱు దాటరాదు. ద్వైగుణ్యమును వడ్డీకి మాత్రమే అన్వయించినచో ఋణస్థుడు మూడువందలు చెల్లింపవలసి వచ్చును. ఆ యెక్కువ నూఱు ఒక బీద కుటుంబమునకు కాడియెద్దు కావచ్చును. బొంబాయి న్యాయస్థానములు ఈ నియమమును దామ్‌దుపట్ అను పేర పాటించినవి. మదరాసు రాజధానిలోని న్యాయస్థానములు దీనిని సాధారణముగా నంగీకరింపలేదు.

తుదకు 1938లో మదరాసు వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము వచ్చెను. 1932 అక్టోబరు 1వ తేదీకి పూర్వపు ఋణములలో, రైతు అసలుకు రెండింతలు చెల్లించియున్నచో బాకీ పూర్తిగా తీరినట్లే. చట్టము వ్రాసినవారు ‘ఫోల్డ్’ జోలికి పోలేదు. ‘పెరుగుట’ అను మాటయు వాడలేదు. ‘ట్వైస్’ అని, చెల్లించినది అసలు క్రిందనైనను వడ్డీ క్రిందనైనను రెంటి క్రిందనైనను సరేయని విప్పి చెప్పిరి. కోస్తా జిల్లాలలోను రాయలసీమలోను ఎన్ని పత్రములు ఆ యొక్క మాటపై నిలిచినవో, రద్దైనవో!

ఆ దినమున బాలురకు ‘మూడు రెట్లు పెరిగినది’ అనుటకు బదులు ‘మూడు రెట్లైనది’ అని వ్రాయుడని చెప్పితిమి. నాలుగనినవారికి మార్కులు తగ్గింపలేదు.