కెమెరా లెన్స్ మౌంట్: ఇతర సంస్థలకు అనుమతి ఎంతవరకు?

కెమెరాకు లెన్స్‌ను బిగించే లోహపు వలయమే మౌంట్. ఫోకస్, అపెర్చర్ సంకేతాలు దానిలోని విద్యుత్ స్పర్శకాల ద్వారానే సాగుతాయి. ఆ సంకేతాల వివరాలు తెలియనిదే ఇతర సంస్థలు ఆటోఫోకస్ లెన్స్ రూపొందించడం కష్టం.

సోనీ తన ఈ-మౌంట్ ప్రాథమిక వివరాలను 2011 ఏప్రిల్ 1 నుంచి రుసుము లేకుండా లెన్స్ తయారీదారులకు అందించింది. లైకా, పానాసోనిక్, సిగ్మా 2018లో ఎల్-మౌంట్ కూటమిగా ఏర్పడ్డాయి. నికాన్ జెడ్ మౌంట్‌కు టామ్రాన్ 2022లో లైసెన్సుతో 70-300 మి.మీ. లెన్స్ తెచ్చింది.

కానన్ ధోరణి వేరు. ఆర్ఎఫ్ మౌంట్ 2018లో వచ్చింది. 2022లో కానన్ కోరడంతో చైనా సంస్థ విల్ట్రాక్స్ తన ఆర్ఎఫ్ ఆటోఫోకస్ లెన్స్‌ల అమ్మకం నిలిపివేసింది. 2024 ఏప్రిల్‌లో సిగ్మా, టామ్రాన్ లైసెన్సుతో ఆర్ఎఫ్ లెన్స్‌లను ప్రకటించాయి. అయితే అవన్నీ చిన్నదైన ఏపీఎస్-సీ సెన్సర్‌కు ఉద్దేశించినవే. తక్కువ ధరలో ఫుల్‌ఫ్రేమ్ లెన్స్ కోసం ఎదురుచూసిన పెళ్లి ఫొటోగ్రాఫర్లకు వాటితో ఒనగూరినది స్వల్పమే. వారికి పాత ఈఎఫ్ లెన్స్‌లు మాత్రం అక్కరకొస్తాయి. సెన్సర్‌కు, మౌంట్‌కు మధ్య దూరం ఈఎఫ్‌లో 44 మి.మీ., ఆర్ఎఫ్‌లో 20 మి.మీ. కనుక మిగిలిన 24 మి.మీ.ని అడాప్టర్ భర్తీ చేస్తుంది.