రెండు కోర్లా, నాలుగు కోర్లా?

"గేములూ ఆడాలి, వీడియోలూ ఎన్‌కోడ్ చెయ్యాలి, ఏ ప్రాసెసర్ కొనమంటావు?" అని అడిగేవాళ్ళకి నేను సూటిగా జవాబు చెప్పను. ముందు కాస్త చరిత్ర చెప్తాను. పాపం, వింటారు కూడా.

ఒకప్పుడు గిగాహెర్ట్జ్ ఎక్కువున్నదే గొప్ప. 2000 నవంబరులో ఇంటెల్ వదిలిన పెంటియం 4 ఆ అంకె కోసమే పుట్టింది. పైప్‌లైన్‌ని 20 అంచెలకి సాగదీశారు. ఒక్కో అంచెలో పని తగ్గితే క్లాక్ పెరుగుతుంది, నిజమే. కానీ బ్రాంచ్ అంచనా తప్పినప్పుడల్లా అంత పొడుగు పైపునీ ఖాళీ చేసి మళ్ళీ నింపుకోవాలి. గేముల కోడు నిండా అవేగా! అందుకే 2003లో ఏఎండీ అథ్లాన్ 64 3200+ రెండే గిగాహెర్ట్జ్‌తో గేముల్లో 3.2 గిగాహెర్ట్జ్ పెంటియం 4కి దీటుగా నిలిచింది. ఎన్‌కోడింగ్ అంటే ఒకే లెక్కని బోలెడు పిక్సెళ్ళ మీద వరసగా చెయ్యడం. అక్కడ మాత్రం పెంటియం బాగానే నెగ్గుకొచ్చింది. అంటే ఈ రెండు పనులకీ అప్పుడే పొసగలేదన్నమాట.

2004లో ప్రెస్కాట్ 31 అంచెలతో వచ్చింది, దాంతోపాటే వేడీ వచ్చింది. ఆ అక్టోబరులో 4 గిగాహెర్ట్జ్ చిప్‌ని ఇంటెల్ రద్దు చేసుకుంది. సీఈఓ క్రెయిగ్ బారెట్ వేదిక మీద మోకాళ్ళ మీద కూర్చుని మరీ క్షమాపణ చెప్పాడు. 2005లో రెండు కోర్ల చిప్‌లొచ్చాయి. "ఉచిత భోజనం ఇక లేదు" అని హెర్బ్ సట్టర్ వ్యాసం రాసిందీ ఆ ఏడాదే. వేగం కావాలంటే ఇక కోడు రాసేవాడే కష్టపడాలి. అంటే మనమే!

అసలు తగువు 2008లో. ఒకవైపు నాలుగు కోర్ల క్యూ6600, 2.4 గిగాహెర్ట్జ్. మరోవైపు రెండు కోర్ల ఈ8400, 3 గిగాహెర్ట్జ్. ఎక్స్264 పనిని కోర్లన్నిటికీ పంచేస్తుంది కాబట్టి అక్కడ క్యూ6600దే గెలుపు. అప్పటి గేముల్లో చాలావాటికి ఒకటి రెండు త్రెడ్లే, అక్కడ ఈ8400 ముందు. తీరా డిసెంబరులో పీసీకి జీటీఏ 4 వచ్చి రెండు కోర్లవాళ్ళకి చెమటలు పట్టించింది.

అలాగని కోర్లు లెక్కబెట్టి కొంటే సరా? 2011లో ఏఎండీ ఎఫ్ఎక్స్-8150 ఎనిమిది కోర్లన్నా, గేముల్లో నాలుగు కోర్ల ఐ5-2500కే చేతిలో ఓడిపోయింది. 2022లో 5800ఎక్స్3డీ 96 మెగాబైట్ల ఎల్3 క్యాషెతో గేముల్లో దుమ్ము దులిపింది, ఎన్‌కోడింగ్‌లో మాత్రం క్లాక్ ఎక్కువున్న మామూలు 5800ఎక్స్ కన్నా వెనకబడింది.

ఇంతకీ ఏది కొనాలి? నా లెక్క ఇది. సెకనుకి 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకి 16.7 మిల్లీసెకన్లు. అది దాటితే ఆట పోయినట్టే. ఎన్‌కోడింగ్ మనం నిద్రపోయాక కూడా సాగుతుంది. సరదాకైతే గేముని చూసి కొనండి. ఎన్‌కోడింగే మీకు కూడు పెడుతుంటే కోర్లకే డబ్బు పెట్టండి. పెట్టె మీద అంకె మాత్రం చూడకండి, అది 2000 నుంచీ మనల్ని ఏమారుస్తూనే ఉంది.