తెరపై పద్యం: గుంటూరు సీమ

పాత కవి పద్యానికి కొత్త బాణీ కట్టి, దాన్ని సినిమా సన్నివేశంలో కథతో పాటు నడిపించే పద్ధతి తెలుగులో 1940లలో కుదురుకుంది. అందుకు ముఖ్యులైన ఇద్దరూ పాత గుంటూరు జిల్లావారే. ఒకరు 1904లో రేపల్లెలో పుట్టిన నటుడు, గాయకుడు నాగయ్య, రెండోవారు పెదపులివర్రుకు చెందిన రచయిత సముద్రాల రాఘవాచార్య. ఈ రెండు ఊళ్లూ ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్నాయి. నాగయ్య పేరు ముందున్న ‘చిత్తూరు’ అక్కడి నాటకాల వల్ల వచ్చింది.

ఈ పద్ధతికి అసలు మూలం పద్యనాటకంలో ఉంది. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను రాగానే నటులు వినుకొండ కవి జాషువా శ్మశాన పద్యాలు కూడా చేర్చుకుని పాడేవారు. రాగం సాగేది, వన్స్‌మోర్‌లు పడేవి, కథ ఉన్నచోటే ఆగేది. సినిమాకు అంత ఓపిక లేదు.

వాహినీ వారి ‘భక్త పోతన’ (1943) కె.వి.రెడ్డికి దర్శకుడిగా మొదటి చిత్రం. నాగయ్య పోతన వేషం వేసి, పాడి, సంగీతమూ కూర్చాడు. భాగవత పద్యాలు అప్పటికే జనం నోట ఉన్నవి, ఎవరి ధోరణిలో వారు చదువుకునేవి. నాగయ్య రంగస్థలపు ఆలాపనను కుదించి, మాటకు దగ్గరగా పాడాడు. సొంత సంస్థ రేణుకా ఫిలిమ్స్‌పై తీసిన ‘త్యాగయ్య’ (1946) దారి వేరు. కృతులకు రాగం, వరస ముందే ఉన్నాయి. ఏ కృతి ఏ ఘట్టంలో రావాలన్నదే అక్కడి పని.

మూడింటిలో నిండైనది ‘యోగి వేమన’ (1947). దర్శకుడు మళ్లీ కె.వి.రెడ్డి, ఛాయాగ్రహణం మార్కస్ బార్ట్‌లీ, సంగీతంలో నాగయ్యకు ఓగిరాల రామచంద్రరావు తోడు. వేమన కాలం, కులం, ఊరు మీద పండితుల వాదాలు తెగలేదు. చిత్రం మాత్రం ఆయన్ని కొండవీటి రెడ్డిరాజు తమ్ముడిగా చెప్పే జనశ్రుతినే పట్టుకుంది. బడిలో వల్లెవేసిన ఆటవెలదులకు ఇక్కడ ఒక బతుకు దొరికింది. వేశ్య మీద మోహం, అన్నకూతురి మరణం, శ్మశానంలో తిరుగులాట, ఇవన్నీ చూశాక వినిపించే పద్యం నీతి చెబుతున్నట్టు ఉండదు. ఆ దుఃఖాన్ని పద్యం దాకా మోసుకొచ్చేవి సముద్రాల కొత్తగా రాసిన పాటలు.

‘త్యాగయ్య’, ‘యోగి వేమన’ చిత్రాల్లో చిన్న వేషాలు వేసిన గాయకుడు ఘంటసాల తరవాత తెర లేకుండానే పద్యానికి బాణీ కట్టే ఈ పని చేశాడు. గుంటూరు ఏ.సి. కళాశాలలో తెలుగు చెప్పిన కరుణశ్రీ ‘పుష్పవిలాపా’న్ని తన బాణీలో గ్రామఫోన్ రికార్డుగా పాడాడు. ఊరూరా మోగింది. పూలు మాట్లాడే పద్యాలవి. వాటికి బొమ్మ జోడించి ఉంటే తేలిపోయేవేమో.

1980లలో పద్యం పోయి పాట మిగిలింది. అలాంటి పాటలున్న రెండు చిత్రాలకు ఒంగోలు ప్రాంతపు టి.కృష్ణ దర్శకుడు, గుంటూరు దగ్గరి పొన్నెకల్లుకు చెందిన చక్రవర్తి సంగీత దర్శకుడు. ‘నేటి భారతం’ (1983)లో శ్రీశ్రీ స్వాతంత్ర్యాన్ని నిలదీస్తూ పాట రాశాడు. ‘ప్రతిఘటన’ (1985)లో అధ్యాపకురాలు తరగతి గదిలోనే, మహాభారత పాత్రల పేర్లెత్తి, విద్యార్థులను కడిగేసే పాట వేటూరిది, గొంతు ఎస్.జానకిది. పాట నడిచినంతసేపూ కథ కదలదు, అచ్చం కాటిసీనులోలాగే.