చేతిపరికరాల్లో వీడియో ప్రసారం: నోకియా ఇంటర్నెట్ టాబ్లెట్ల చరిత్ర చెప్పే పాఠం (2005–2012)

ఉపోద్ఘాతం:

భారతదేశంలో మొబైల్ ఫోన్లలో వీడియో వీక్షణ విస్తరించిన తీరును వివరించేటప్పుడు 2016 సెప్టెంబరు 5న ప్రారంభమైన జియో 4జి సేవలను ప్రస్తావించడం పరిపాటి. డేటా చౌక కావడం, వేగం పెరగడం ఆ విస్తరణకు ముఖ్యకారణాలనడంలో సందేహం లేదు. అయితే అరచేతిలో ఇమిడే పరికరంలో వీడియో ఆటంకం లేకుండా నడవడానికి నెట్‌వర్క్ వేగం ఒక్కటే చాలదు. అంతకు దశాబ్దం ముందు ఫిన్లాండుకు చెందిన నోకియా సంస్థ తెచ్చిన ఇంటర్నెట్ టాబ్లెట్ల చరిత్ర ఈ విషయాన్ని స్పష్టం చేస్తుంది.

విశాలమైన తెర - ఇరుకైన మార్గం:

నోకియా 770 2005 చివరిలో మార్కెట్‌లోకి వచ్చింది. లినక్స్ ఆధారిత ‘మేమో’ వ్యవస్థపై పనిచేసే ఈ పరికరానికి 800×480 పిక్సెళ్ల తెర, 64 మెగాబైట్ల ర్యామ్ ఉండేవి. 2007 జనవరిలో వచ్చిన ఎన్800లో ర్యామ్ 128 మెగాబైట్లకు పెరిగింది. అదే ఏడాది చివరిలో ఎన్810 వెలువడింది. ఈ మూడింటిలోనూ సిమ్ కార్డుకు చోటు లేదు. ఇవి ప్రధానంగా వైఫై ద్వారా పనిచేసేవి. కనుక ఇంట్లో మంచి బ్రాడ్‌బ్యాండ్ ఉన్నవారికి వేగం పెద్ద సమస్య కాదు. అయినా వీడియో తడబడేది.

దీనికి కారణం పరికరం లోపలే ఉంది. 800×480 తెరపై 3,84,000 పిక్సెళ్లుంటాయి. ఒక్కో పిక్సెల్‌కు 2 బైట్ల చొప్పున, సెకనుకు 25 చిత్రాలు చూపాలంటే దాదాపు 1.92 కోట్ల బైట్లు ప్రతి సెకనూ తెరను చేరాలి. ఈ టాబ్లెట్లలో తెరను నడిపే చిప్ ప్రధాన ప్రాసెసర్‌కు వెలుపల ఉండేది. రెండింటి మధ్య ఉన్న మార్గం అంత భారాన్ని మోయలేకపోయేది. అందువల్ల వినియోగదారులు వీడియోలను ముందుగా కంప్యూటర్లో 400×240 వంటి చిన్న పరిమాణానికి మార్చుకుని, ఆపై పరికరంలోకి ఎక్కించుకునేవారు. అలా చేస్తే పిక్సెళ్ల సంఖ్య నాలుగోవంతుకు తగ్గేది.

ఫ్లాష్ భారం:

ముందుగా మార్చుకునే ఈ వెసులుబాటు ప్రత్యక్ష ప్రసారంలో లేదు. 2005లో ఆరంభమైన యూట్యూబ్ తన వీడియోలను ఫ్లాష్ రూపంలో అందించేది. ఎన్800లో ఫ్లాష్ ప్లేయర్ ఉన్నప్పటికీ వీడియోను విప్పడం, రంగులను మార్చడం, పరిమాణం సరిచేయడం, వెబ్ పేజీలో కలిపి చూపడం అనే పనులన్నీ ప్రధాన ప్రాసెసర్ మీదే పడేవి. ధ్వని సాఫీగా సాగుతుండగా చిత్రం వెనుకబడటం ఈ భారానికి కనిపించే లక్షణం.

భారం చేతులు మారిన క్రమం:

2007 జూన్‌లో విడుదలైన ఐఫోన్ ఫ్లాష్‌ను స్వీకరించలేదు. దానికోసం యూట్యూబ్ తన వీడియోలను హెచ్.264 రూపంలోకి మార్చడం మొదలుపెట్టింది. 2003లో ప్రమాణంగా ఆమోదం పొందిన ఈ రూపాన్ని విప్పడానికి చిప్‌లో ప్రత్యేక విభాగం ఉంటే ప్రధాన ప్రాసెసర్‌కు శ్రమ తగ్గుతుంది. అంతవరకు వినియోగదారు తన కంప్యూటర్లో చేసుకున్న మార్పిడి ఇప్పుడు ప్రసారకర్త సర్వర్‌కు చేరింది.

2009లో ఆపిల్ ప్రవేశపెట్టిన హెచ్.ఎల్.ఎస్. పద్ధతి దీన్ని మరింత ముందుకు తీసుకువెళ్లింది. ఒకే వీడియోను పలు నాణ్యతల్లో, చిన్న ముక్కలుగా సిద్ధం చేసి ఉంచితే, నెట్‌వర్క్ స్థితికి తగిన ముక్కను పరికరమే ఎంచుకుంటుంది. ఇదే కోవకు చెందిన డ్యాష్ 2012లో అంతర్జాతీయ ప్రమాణంగా వెలువడింది. ఈలోగా 2011 నవంబరులో అడోబ్ సంస్థ మొబైల్ బ్రౌజర్లకు ఫ్లాష్ అభివృద్ధిని నిలిపివేస్తున్నట్లు ప్రకటించింది.

ముగింపు:

2016 నాటి చౌక డేటా ఫలించడానికి కావలసిన పునాది 2012 నాటికే సిద్ధమైంది. వీడియో రూపం, దాన్ని విప్పే చిప్, తెరకు చేరే మార్గం, సర్వర్ అనే నాలుగింటి మధ్య కుదిరిన పొందికే ఆ పునాది. నెట్‌వర్క్ తరాలను మాత్రమే కొలమానంగా తీసుకునే చరిత్రరచన ఈ పొందికను విస్మరిస్తుంది. ఈ మార్పులో వినియోగదారుకు శ్రమ తగ్గింది. దానితోపాటు ఏ రూపంలో, ఏ నాణ్యతలో వీడియో తన చేతికి రావాలో నిర్ణయించే అధికారం కూడా చాలావరకు ప్రసారకర్తకు బదిలీ అయింది. చేతిపరికరాల వీడియో చరిత్రను రాసేవారు సౌకర్యంతోపాటు ఈ బదిలీని కూడా నమోదు చేయవలసి ఉంది.