కట్టెలు కొట్టిన మనిషి, కట్టెలు చీల్చిన ట్రాక్టరు

సంక్రాంతి అయిన మరుసటి వారం మన జిగణి తోటకు కట్టెలు చీల్చే ట్రాక్టరు వచ్చింది కదా, ఆ వీడియో గ్రూపులో పెట్టింది నేనే. నలభై మందికి పైగా చూసినారు. అందరూ చప్పట్ల బొమ్మలు పెడితే హోసూరు అత్త మాత్రం ఒక్క ముక్క రాసింది: "మన కట్టెల తాత దీన్ని చూసుంటే ఏమనేవాడో." దానికి ఎవరూ జవాబు రాయలేదు. నాకూ ఏం రాయాలో తెలియలేదు. అప్పట్నుంచి ఈ సంగతి తవ్వుతూ ఉన్నాను. దొరికినంత ఇక్కడ రాస్తున్నా. నేను చదువుకుంది కన్నడ బడిలో, తెలుగు రాత అవ్వ నేర్పింది. తప్పులుంటే ఫోన్ చేసి తిట్టండి, గ్రూపులో వద్దు.

ముందు ట్రాక్టరు ఎందుకు పిలిపించినామో చెప్పాలి. తాత 1984లో రోడ్డవతలి రెండెకరాల మెట్ట చేనులో నీలగిరి పెట్టినాడు. ఆంధ్రాలో జామాయిల్ అంటారు, ఇక్కడ మనకు నీలగిరే. ఆ చెట్టు ఈ సీమకు కొత్తది కాదు. టిప్పు సుల్తాను కాలంలో, 1790 ప్రాంతంలో, నందికొండ మీద మొదట నాటినారని చెబుతారు. ఆ నందికొండ చెట్ల నుంచి వచ్చిన రకానికే తర్వాత మైసూర్ గమ్ అని పేరు పడి, దేశమంతా పాకింది. 1980లలో ప్రపంచ బ్యాంకు అప్పుతో కర్ణాటకలో సామాజిక అడవుల పథకం నడిచింది. దాని ఉద్దేశం ఊళ్ళకు వంటచెరకు అందించడం. జరిగింది వేరు. కోలారు, బెంగళూరు చుట్టుపక్కల రైతులు రాగి చేలు తీసేసి నీలగిరి పెట్టినారు. ఆ కట్టె ఊరి పొయ్యిలోకి రాకుండా లారీలెక్కి గుజ్జు ఫ్యాక్టరీలకూ, కట్టడాల కింద ఆనించే గుంజలకూ పోయింది. 1983లో తుమకూరు జిల్లా రైతులు నర్సరీలకు పోయి నీలగిరి మొక్కలు పెరికేసి, ఆ చోట చింత, మామిడి విత్తనాలు వేసినారు. మన తాత మాత్రం ఆ మరుసటి ఏడే మొక్కలు తెచ్చి నాటినాడు. ఎందుకంటే కూలీలు దొరకడం లేదు. ఆయన్ని తప్పు పట్టాలో లేదో నాకిప్పటికీ తేలలేదు. నాకు తెలిసి ఆ బావి మళ్ళీ నిండలేదు. చెట్లు తాగేసినాయి అంటుంది అవ్వ. చుట్టూ పడిన బోర్లు తాగేసినాయి అంటాడు చిన్నాయన.

నీలగిరిని ఒకసారి నరికితే చావదు, మొద్దు నుంచి మళ్ళీ చిగురిస్తుంది. ఏడెనిమిదేళ్ళకొక కోత. అలా నాలుగు కోతలు అయినాయి. 2017లో కర్ణాటక సర్కారు కొత్తగా నీలగిరి నాటకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ఉన్న చెట్లను కోసుకోవచ్చు. మనవాళ్ళకు అది మంచి సాకు అయింది. చివరి కోత తర్వాత జేసీబీతో మొద్దులన్నీ వేళ్ళతో సహా పెకిలించి గట్టు మీద గుట్టలు పోసినారు. అవి ఎండుతూ మూడేళ్ళు పడి ఉన్నాయి. ఎవరికి చూపించినా "గొడ్డలి దిగదు స్వామీ" అని నమస్కారం పెట్టి పోయినారు.

వాళ్ళు చెప్పింది నిజమే. నీలగిరి పచ్చిగా ఉన్నప్పుడు చీల్చాలి, ఎండితే ఇనుము అవుతుంది. నార ఒక్క వాటంలో పోదు, మెలి తిరిగి ఉంటుంది. అందులోనూ వేరు మొదలు దగ్గర నార నాలుగు దిక్కులకూ పోయి ఉంటుంది. చింత మొద్దుదీ అదే గొడవ. కానుగ, తుమ్మ కొంచెం నయం.

ఇప్పుడు ఆ యంత్రం సంగతి. దాంట్లో ఇంజను లేదు, అది ట్రాక్టరుదే. ట్రాక్టరు వెనక మూడు చేతులుంటాయి, నాగలి తగిలించేవి. ఆ ఏర్పాటు మీద హ్యారీ ఫెర్గూసన్ అనే ఐర్లండు ఆయన 1920లలో పేటెంటు తీసుకున్నాడు. ఈ రోజు మన రోడ్ల మీద పోయే ప్రతి ట్రాక్టరుకూ ఆ మూడు చేతులున్నాయి. వాటికి చీల్చే యంత్రాన్ని తగిలించి, ట్రాక్టరు నూనె గొట్టాలు రెండు దానికి కలుపుతారు. లివరు నొక్కితే నూనె పోయి ఒక లావాటి సిలిండరులో పిస్టన్ను తోస్తుంది. పిస్టన్ మొద్దును మెల్లగా నూకి ఇనప చీల మీదికి ఎక్కిస్తుంది. అంతే. దెబ్బ లేదు, చప్పుడు కూడా పెద్దగా లేదు. మూలుగుతున్నట్టు ఒక శబ్దం, తర్వాత టప్ మని రెండు ముక్కలు.

నేను టెస్టర్ని, లెక్క చూడకుండా ఉండలేను. పిస్టన్ అడ్డం 10 సెంటీమీటర్లు ఉంది. అంటే దాని ముఖం సుమారు 78 చదరపు సెంటీమీటర్లు. నూనె ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 150 కిలోలు అనుకుంటే, చీల మీద పడేది దగ్గర దగ్గర 12 టన్నుల బరువు. పాస్కల్ చెప్పిన సూత్రం ఇదే. దాన్ని పట్టుకుని జోసెఫ్ బ్రామా లండన్లో నీటి ఒత్తిడితో నడిచే ప్రెస్సుకు 1795లో పేటెంటు తీసుకున్నాడు. అసలు ఆయనకు పేరొచ్చింది తాళాలు చేయడంలో.

అలాగని ట్రాక్టరు వచ్చి మాయ చేసేసిందని అనుకోకండి. ముందు రంపం మిషనుతో మొద్దులను రెండడుగుల తుండ్లుగా కోయాల్సి వచ్చింది. వేళ్ళ సందుల్లో ఇరుక్కున్న రాళ్ళకు తగిలి రంపం గొలుసులు రెండు మొండిబారిపోయినాయి. ఒక మొద్దు మాత్రం చీల మీదే బిగుసుకుపోయి, వెనక్కీ రాక ముందుకూ పోక అరగంట తినేసింది. గంటకు 1,200 రూపాయల బాడుగ, ఆ అరగంటకూ కట్టినాం. ఇంకొకటి. మొదట్లో లివరు దగ్గర ఒకరు, మొద్దు పెట్టేదానికి ఇంకొకరు నిలబడినారు. తమ్ముడు మొద్దు సరిచేస్తుంటే లివరు మీద చెయ్యి పడింది. వాడి వేలు బొటాబొటిగా బయటపడింది. ఆ తర్వాత డ్రైవరే ఒక్కడే మొద్దూ పెట్టినాడు, లివరూ నొక్కినాడు. పని నిదానమైంది, అందరి వేళ్ళూ మిగిలినాయి. ఎవరైనా ఈ యంత్రం పిలిపించుకుంటే ఇది మరవొద్దు.

ఒకటిన్నర రోజులో ఆరు ట్రాలీల కట్టెలైనాయి. నాలుగు ఇటుక బట్టీకి పోయినాయి. రెండు మన చిన్నక్క పెళ్ళి వంటకు దాచినాం. వంటాయన గ్యాసు మీద చేయనన్నాడు.

అవ్వ నీడలో కుర్చీ వేసుకుని అంతా చూసింది. చివర్లో ఒక మాట అనింది. "ఇది బలంతో చీలుస్తుంది, ఆయన చూసి చీల్చేవాడు."

ఆయనంటే కట్టెల తాత. నాకు ఆరేడేళ్ళ వయసులో చూసిన గుర్తు, అంటే 1995 ప్రాంతం. అప్పటికి వంటింట్లోకి గ్యాసు వచ్చి నాలుగేళ్ళయింది. కానీ బచ్చలింట్లో రాగి హండా కింద కట్టెలే. ఆయన నెలకోసారి వచ్చేవాడు. మొద్దును నిలబెట్టి, చుట్టూ ఒక తిరుగు తిరిగి, ఎక్కడో ఒకచోట వేలితో గీసేవాడు. సరిగ్గా ఆ గీత మీద గొడ్డలి పడేది. మెలి తిరిగిన మొద్దయితే ఇనప చీల దించి సమ్మెటతో కొట్టేవాడు. కుడికాలి బొటనవేలు సగం లేదు. ఎందుకు లేదని అడిగితే "నీలాగా మాట్లాడుతూ కొట్టినా" అన్నాడు.

తాత లెక్కల పుస్తకాలు చిన్నాయన దగ్గర మూడున్నాయి, 1968 నుంచి 1984 దాకా. భాష తెలుగు, లిపి కన్నడం. మన ఇళ్ళలో ఆ కాలం వాళ్ళు అలాగే రాసేవాళ్ళు. అందులో కట్టెల లెక్క చదివితే ఇంటి చరిత్రంతా ఉంది. మొదట్లో కట్టె కొన్నట్టే లేదు, కూలి మాత్రమే ఉంది. అంటే కట్టె మన గట్ల మీదిది, లేకుంటే బన్నేరుఘట్ట అడవి వైపుది. 1974లో బన్నేరుఘట్ట నేషనల్ పార్కు అయింది. రెండేళ్ళు పోయినాక పుస్తకంలో మొదటిసారి "సౌదె కొన్నది" అని వస్తుంది. అప్పట్నుంచి ప్రతి నెలా వస్తుంది. ఏ పుటలోనూ పార్కు మాట లేదు. కట్టె కొనడం మాత్రం ఉంది.

ఆ రోజుల్లో బెంగళూరు కూడా కట్టెల మీదే ఉడికేది. పేటపేటకూ సౌదె డిపో, పెద్ద త్రాసు. ఇంకా వెనక్కి పోతే కోలారు బంగారు గనుల ఆవిరి యంత్రాలు కూడా కట్టెలూ బొగ్గూ తిన్నవే. 1902లో శివసముద్రం కరెంటు అక్కడికి చేరినాకే అది తగ్గింది. మల్లేశ్వరం అవతల టాటా ఇన్‌స్టిట్యూట్‌లో 1974లో అస్త్ర అని ఒక విభాగం మొదలైంది. అందులో పనిచేసిన అమూల్య రెడ్డి, సుధాకర రెడ్డి 1983లో బెంగళూరు కట్టెల మీద ఒక వ్యాసం ప్రచురించినారు. ఉన్నవాళ్ళ ఇంధనం ఏది, లేనివాళ్ళ ఇంధనం ఏది అని చూసిన పని అది. ఆ అస్త్ర వాళ్ళే కట్టె తక్కువ తిని, పొగను గొట్టంలో బయటికి పంపే మూడు గిన్నెల పొయ్యి చేసినారు. అస్త్ర ఒలె అంటే మన పక్క పెద్దవాళ్ళకు ఇప్పటికీ తెలుసు. మన ఇంట్లో పెట్టించలేదు. అవ్వ దగ్గుకు ఆ పొగే కారణమని ఈమధ్య డాక్టరు చెప్పినాడు.

మళ్ళీ పుస్తకం దగ్గరికి వస్తా. పాలాయన పేరుంది, మేస్త్రి పేరుంది, ఎద్దుల పేర్లు కూడా ఉన్నాయి. కట్టె కొట్టిన మనిషిది మాత్రం ప్రతిచోటా "గొడ్డలివానికి" అని ఒకటే మాట. పదహారేళ్ళలో ఒక్కసారి కూడా పేరు లేదు. 1971లో రోజు కూలి 3 రూపాయల 50 పైసలు. అవ్వనడిగినా. చాలాసేపు ఆలోచించి, "పేరు పెట్టి ఎవరం పిలవలేదు నాయనా" అనింది. ఇంకొంచెం సేపాగి, తానే మిగతాది చెప్పింది. ఆయన గడప దాటి లోపలికి వచ్చేవాడు కాదు. కాఫీ కొబ్బరి చిప్పలో ఎత్తి పోసేవాళ్ళు. ఆ చిప్ప గోడ మీద ఆయనే బోర్లించి పోయేవాడు. "అప్పుడు అట్లే ఉండె" అనింది అవ్వ. నేనేం అనలేదు. ఆ గోడ మీద చిప్ప నేనూ చూసినా, ఆడుకునేదానికి తీసుకుంటే దెబ్బలు కూడా తిన్నా. ఎందుకు కొట్టినారో ఇన్నేళ్ళకు తెలిసింది.

ఈ బ్లాగులో మన ముత్తాత దగ్గర్నుంచి అందరి ఫోటోలూ ఉన్నాయి. పాత ఇంటి ముందు తీసిన ఫోటోలన్నీ మళ్ళీ పెద్దగా చేసి వెతికినా. 1989 అత్త పెళ్ళి ఫోటోలో, పందిరి వెనక కట్టెల గుట్ట పక్కన ఒక మనిషి నిలబడి ఉన్నాడు. తల సగం పందిరి గుంజ వెనక పోయింది. కాళ్ళు కనిపిస్తాయి గానీ, బొటనవేలు తేల్చుకునేంత స్పష్టంగా లేదు ఫోటో.

హోసూరు అత్తా, ఆ ఫోటో అసలు నెగటివ్ నీ పెట్టెలో ఉందేమో చూడు. ఆయన మనతో తెలుగే మాట్లాడేవాడు, మాట తీరు మాత్రం మనది కాదు. ఏ ఊరి నుంచి వచ్చేవాడో, 1998 తర్వాత ఎందుకు రాలేదో, పిల్లలెవరైనా ఉన్నారో తెలిసిన వాళ్ళు రాయండి. పేరు దొరికితే లెక్కల పుస్తకం స్కాన్ చేసి పెట్టేటప్పుడు పక్కన రాస్తా. గట్టు మీద ఇంకా రెండు గుట్టలు మిగిలినాయి, ట్రాక్టరు మాఘమాసంలో మళ్ళీ వస్తుంది.