షిప్‌యార్డు నుంచి గజ్జె కట్టిన పాట

అప్పర్ సీలేరు పవర్‌హౌస్‌లో మొదటి యూనిట్ తిరిగింది 1967లో. ఒడిశా నుంచి మాచ్‌ఖండ్‌గా దిగివచ్చిన ఏరు గుంటవాడ దగ్గర ఆగి, కరెంటయి మైదానానికి పోవడం అప్పుడే మొదలైంది. అదే ఏడాది అక్టోబరు 31న, ఇవే తూర్పు కనుమల మరో కొసన, పార్వతీపురం ఏజెన్సీలో, మొండెంఖల్లులో జరిగే గిరిజన సంఘం మహాసభకు నడిచి వెళ్తున్న జనం మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు తుపాకులు పేల్చారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు అక్కడికక్కడే కూలిపోయారు. శ్రీకాకుళ గిరిజనోద్యమం సాయుధ పోరాటంగా మారడానికి చరిత్రకారులు చెప్పే మొదటి తేదీ అదే.

ఆ ఉద్యమం నాలుగేళ్లు తిరక్కుండానే అణగిపోయింది. 1969 మే నెలలో పంచాది కృష్ణమూర్తి, డిసెంబరులో రంగమటియా కొండల్లో పంచాది నిర్మల, సుబ్బారావు పాణిగ్రాహి, 1970 జులై 10న బోరి కొండల దగ్గర వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం, ఇలా వరసగా ముఖ్య నాయకులు ఎందరో పోలీసు కాల్పుల్లో పోయారు. మిగిలింది పాట. ఆ పాటను కొండల మీది నుంచి దించి, రాష్ట్రమంతా తిప్పి, ఆఖరుకు సినిమా హాలు దాకా నడిపించిన మనిషి వంగపండు ప్రసాదరావు.

ఆయన పుట్టింది 1943లో, పార్వతీపురం పక్కన పెదబొండపల్లిలో. ఈ ఊరి సంగతి చిత్రమైనది. ఆయన పుట్టినప్పుడు విశాఖపట్నం జిల్లా, 1950లో శ్రీకాకుళం జిల్లా, 1979లో విజయనగరం జిల్లా, 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. ఊరు అంగుళం కదలకుండానే జిల్లాలు నాలుగు చూసింది. సీలేరువాళ్లకి ఇది కొత్త కాదు. నిన్నమొన్నటి దాకా వైజాగ్ జిల్లా, ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా. బోర్డులు మారాయి గానీ ధారకొండ ఘాట్ మలుపులు మారలేదు, బస్సూ మారలేదు.

వంగపండు చదువుల నుంచి వచ్చిన కవి కాడు. విశాఖ షిప్‌యార్డులో కార్మికుడు. వాల్‌చంద్ హీరాచంద్ సింధియా కంపెనీ పేరుతో 1941లో మొదలుపెట్టిన యార్డు అది. స్వతంత్ర భారతంలో మొదటి పెద్ద ఓడ 'జల ఉష'ను 1948 మార్చిలో నెహ్రూ నీళ్లలోకి వదిలింది అక్కడే. ఇనుము కోసే చప్పుడు, వెల్డింగ్ మెరుపు, షిఫ్టు సైరన్, క్యాంటీన్ దగ్గర యూనియన్ మీటింగ్ మధ్య పనిచేసిన మనిషికి పల్లె పాట వేరు, ఫ్యాక్టరీ పాట వేరు అనిపించలేదు. నాట్లేసే ఆడవాళ్లకి ఊతమిచ్చే దరువే ఇనుప రేకు ఎత్తేటప్పుడూ కావాలి. ఆయన 'యంత్రమెట్టా నడుస్తు ఉందంటే' పాట అక్కడి నుంచే వచ్చింది. యంత్రం నడిచేది బొగ్గుతోనా, నూనెతోనా, దాని వెనక నిలబడ్డ మనిషితోనా అని విప్పుకుంటూ పోయే పాట అది. సీలేరు, డొంకరాయి, మోతుగూడెం ప్రాజెక్టు కాలనీల్లో ఒక జీవితకాలం పనిచేసినవాళ్లకు ఆ ప్రశ్నని ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. ఎగువన మాచ్‌ఖండ్ 120 మెగావాట్లు, ఇక్కడ అప్పర్ సీలేరు 240, డొంకరాయి 25, దిగువన పొల్లూరు దగ్గర లోయర్ సీలేరు 460. ఏరు ఒక్కటే, ఎత్తుకున్న బరువులు ఇన్ని. ఆ గోడలు కట్టినవాళ్ల పేర్లు మాత్రం ఏ శిలాఫలకం మీదా కనపడవు.

ఆయన కంటే ముందు ఒక దారి పడి ఉంది. 1940లలో ప్రజానాట్యమండలి కోసం షేక్ నాజర్ బుర్రకథను ఊరూరా తిప్పాడు. శ్రీకాకుళంలో బొడ్డపాడు గుడి పూజారి సుబ్బారావు పాణిగ్రాహి ఆ ప్రాంతపు సొంత సరుకైన జముకుల కథను అందుకున్నాడు. జముకు అంటే ఒకవైపు తోలు మూసిన గొట్టం లాంటి వాద్యం. తోలు మధ్యలోంచి తీగ వస్తుంది. దాన్ని లాగి పట్టి మీటితే లాగినకొద్దీ స్వరం సాగుతుంది, వదిలితే ముడుచుకుంటుంది. కథకుడు ఒక మాట అంటాడు, జముకు దానికి వంత పలుకుతుంది, ఒక్కోసారి వెక్కిరిస్తుంది కూడా. ఎల్లమ్మ కథకి వాడే ఆ వాద్యం మీద పాణిగ్రాహి రైతుల కథ చెప్పాడు. ఆయన పోయాక ఆ పని ఆగకుండా అందుకున్నవాళ్లలో వంగపండు ముందు వరుసలో ఉంటాడు.

1972లో హైదరాబాదులో జన నాట్య మండలి రూపం తీసుకుంది. సినిమా దర్శకుడిగా తర్వాత పేరొందిన బి.నర్సింగరావు, పాటగాడు గద్దర్ దాని వెనక ఉన్నారు. ఉత్తరాంధ్ర నుంచి వంగపండు వెళ్లి చేరాడు. తెలంగాణ గొంగడి, ఉత్తరాంధ్ర గజ్జె ఒకే వేదిక ఎక్కాయి. గద్దర్ గొంతులో మెతుకుసీమ, వంగపండు గొంతులో సిక్కోలు. ఇద్దరిలో ఎవరు గొప్పని తేల్చే పోటీ అనవసరం గానీ, ఒక తేడా చెప్పుకోవాలి. గద్దర్ పాట మనిషిని నిలబెట్టి గుండె మీద కొడుతుంది. వంగపండు పాట ముందు కాలిని కదిలిస్తుంది. జనం ఆడటం మొదలుపెట్టాక, తాము దేనికి ఆడుతున్నారో అప్పుడు తెలుస్తుంది.

ఇది గాలిలోంచి వచ్చిన నేర్పు కాదు. కొండ ఊళ్లలో పాట ఎప్పుడూ కూర్చుని వినేది కాదు. అరకు వైపు ధింసా చూసినవాళ్లకి తెలుసు. ఆడవాళ్లు ఒకరి వీపు వెనక ఒకరు చేతులు కలిపి గొలుసు కడతారు, డప్పు, తుడుము, మోరి, కిరిడి మోగుతుంటాయి, గొలుసు పాములా మెలికలు తిరుగుతుంది. అక్కడ పాడేవాడు, వినేవాడు అనే రెండు జాతులు లేవు. మైదానంలో తప్పెటగుళ్లవాళ్లు గుండె మీద రేకు కట్టుకుని గెంతుతూ పాడతారు, ఊపిరి ఎక్కడ తీసుకుంటారో తెలీదు. వంగపండు ఈ రెంటి మధ్య పెరిగాడు. ఆయన పాటల్లో చరణం చివర ఎప్పుడూ ఒక ఖాళీ ఉంటుంది. అది జనం పూరించాల్సిన ఖాళీ. వంత అందుకోడానికి రిహార్సల్ అక్కర్లేదు, ఒక్కసారి విన్నవాడు రెండోసారికి బృందంలో చేరిపోతాడు. నాట్ల పాటలో ముందు గొంతు ఒకటి, వెనక గొంతులు ఇరవై ఉన్నట్టే.

'ఏం పిల్లడో ఎల్దమొస్తవా' ఆ నేర్పుకి కొండ గుర్తు. వినగానే ఒక పిల్ల ఒక పిల్లాణ్ణి సరదాగా పిలుస్తున్నట్టే ఉంటుంది. సంతకో, జాతరకో రమ్మంటోందనుకుంటాం. చరణాల్లోకి వచ్చేసరికి ఆమె రమ్మంటున్నది శ్రీకాకుళం కొండలకని, అక్కడ పిట్టా పురుగూ కూడా ఆయుధం పట్టుకున్నాయని తెలుస్తుంది. పసిపిల్లల కథలో జంతువులు మాట్లాడినట్టు, ఈ పాటలో అవి యుద్ధానికి బయల్దేరతాయి. ఉద్యమ సాహిత్యంలో నినాదాలకు కొదవ లేదు, ఇంత ఆట మాత్రం అరుదు. నిజం చెప్పాలంటే వంగపండు రాసిన సుమారు 300 పాటల్లోనూ నినాదం మీదే నడిచినవి ఉన్నాయి. ఏ మీటింగుకి రాశాడో ఆ మీటింగుతోనే అవి అయిపోయాయి. పిట్టలూ చీమలూ పక్కింటి ఆడపిల్లలూ వచ్చి మాట్లాడినవి మాత్రం నిలబడ్డాయి.

పాటలతోనే ఆగలేదు. 'భూమి భాగోతం' అనే నృత్యరూపకం కట్టాడు. భాగోతం అంటే ఉత్తరాంధ్రకి సత్యభామ, జడ, తెర, రాత్రంతా జాగారం. ఆ తెర మీదకి కృష్ణుడి బదులు భూమి పంచాయితీ వచ్చింది. దేవుడి కథలకి అలవాటుపడ్డ కళ్లకి అది దెబ్బ లాంటిదే.

ఇక్కడ ఒక పక్కదారి. ఇదే తరంలో, 1949లో, బెల్జియం సముద్రతీరంలో ఓస్టెండ్ అనే రేవు ఊళ్లో ఆర్నో హింట్యెన్స్ అనే కుర్రాడు పుట్టాడు. మాట్లాడితే నత్తి, పాడితే గరగర. 1980లో టీసీ మాటిక్ అనే రాక్ బృందం కట్టాడు, 1986లో అది విడిపోయాక ఒంటరిగా సాగాడు, 2022 ఏప్రిల్‌లో కేన్సర్‌తో కన్నుమూసేముందు కూడా వేదిక ఎక్కాడు. ఫ్రెంచి, ఇంగ్లీషు, తన ఊరి ఫ్లెమిష్ యాస కలిపి కొట్టాడు, ఇస్త్రీ చేసిన భాష వాడలేదు. రేవు ఊరి మనిషి, ఊరి యాస, ఒంటితో పాడే పాట. అక్కడ దాన్ని రాక్ అన్నారు, ఇక్కడ జానపదం అన్నారు. అక్కడైతే ఆయన పాడిన ప్రతి రికార్డుకీ ఏడాది, కంపెనీ, వాయించినవాళ్ల పేర్లు రాసి పెట్టారు. మన దగ్గర జానపదం అనే మాట ఒక్కోసారి ఎవరిదీ కాదు అనే అర్థంలో చెలామణీ అవుతుంది. వంగపండు విషయంలో సరిగ్గా అదే జరిగింది.

1986లో ఆర్.నారాయణమూర్తి 'అర్ధరాత్రి స్వతంత్రం' తీశాడు. ఆయనా తూర్పు గోదావరి మన్యం అంచున రౌతులపూడి దగ్గర మల్లంపేట మనిషే. ఆ సినిమాతో వంగపండు పాట మీటింగు మైకు నుంచి టూరింగ్ టాకీసుకీ, అక్కడి నుంచి క్యాసెట్ షాపుకీ చేరింది. పోలీసులు పాట పుస్తకాలు వెతుకుతున్న కాలంలో అదే పాట పెళ్లి ఊరేగింపుల్లో బాహాటంగా మోగింది. ఏ నిషేధమూ పట్టుకోలేని దారి అది. అయితే ఆ దారిలో రాసినవాడి పేరు రాలిపోయింది. ఊరేగింపులో ఆడే కుర్రాడికి పాట మొత్తం నోటికొచ్చు, రాసింది ఎవరంటే 'జానపదం' అంటాడు. 2009లో 'మగధీర' వచ్చినప్పుడు అందులోని ఒక పాటలో తన పల్లవి మాటలు తనని అడక్కుండా వాడారని వంగపండు అభ్యంతరం చెప్పాల్సి వచ్చింది. బతికుండగానే, తన పాట తనదే అని రాసినవాడు చెప్పుకోవాల్సి రావడం ఏ కవికీ మంచి రోజు కాదు.

అటు ప్రభుత్వం కూడా తన పద్ధతిలో దగ్గరకు తీసుకుంది. ఏ రాజ్యాన్ని దించాలని పాడాడో ఆ రాజ్యమే 2017లో కళారత్న ఇచ్చింది. ఆయన తీసుకున్నాడు. దీన్ని తప్పుపట్టినవాళ్లు ఉన్నారు. నాకైతే అందులో పెద్ద నేరం కనపడదు. యాభై ఏళ్లు గజ్జె కట్టి ఆడిన మనిషికి శాలువా కప్పినంత మాత్రాన పాట శాలువాలోకి పోదు. 2020 ఆగస్టు 4న, కరోనా రోజుల్లో, పార్వతీపురంలోని తన ఇంట్లో గుండెపోటుతో వంగపండు కన్నుమూశాడు. వయసు 77. మామూలు రోజులైతే ఆ ఊరేగింపులో ఉత్తరాంధ్రలోని డప్పులన్నీ మోగేవి. మూడేళ్ల తర్వాత, 2023 ఆగస్టు 6న గద్దర్ కూడా వెళ్లిపోయాడు. ఒకే వేదికని నడిపించిన రెండు గొంతులూ అలా ఆగస్టులోనే ఆగాయి.

మన్యంలో పాటకి చావు లేదని ఊరికే అనుకుంటూ ఉంటే సరిపోదు. అల్లూరి 1922 ఆగస్టు 22న చింతపల్లి స్టేషన్ మీద పడిన సంగతి మనకు తెలిసింది పోలీసు రికార్డుల వల్ల మాత్రమే కాదు, వీధి పాటల వల్ల కూడా. ఆ పాటలు పాడినవాళ్లలో ఎందరి పేర్లు మనకు తెలుసు? చింతపల్లి మీదుగానే సీలేరు బస్సు రోజూ పోతుంది. ఆ దారి పొడవునా ఎవరినడిగినా రామరాజు పేరు చెబుతారు, ఆయన కథ కట్టినవాళ్ల పేరు చెప్పగలిగేవాళ్లు కనపడరు. వంగపండు విషయంలో అదే నిర్లక్ష్యం మళ్లీ జరగకూడదు. ఇంకా ఆయనతో వంత పాడినవాళ్లు ఉన్నారు, డప్పు కొట్టినవాళ్లు ఉన్నారు, ఏ చరణం ఏ ఊళ్లో మార్చాడో చెప్పగలిగేవాళ్లు ఉన్నారు.

విజయనగరంలో 2019 నుంచి కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం నడుస్తోంది. ఆయన పాటల్ని పాఠాలుగా పెట్టడం తర్వాత సంగతి. ముందు బాణీతో, యాసతో, వంతతో సహా రికార్డు చేసి, ఏది ఎప్పుడు ఎక్కడ కట్టాడో రాసిపెట్టే పని అది చేపట్టాలి. యూట్యూబ్‌లో ముక్కలు ముక్కలుగా పడి ఉన్నవాటితో ఆ పని కాదు. షిప్‌యార్డు యూనియన్ ఆఫీసుల్లో, ప్రాజెక్టు కాలనీల్లో, పార్వతీపురం, సాలూరు, పాడేరు, సీలేరు ఇళ్లలో అటకల మీద పాత క్యాసెట్లు, చేత్తో రాసుకున్న పాటల నోటు పుస్తకాలు ఉండే ఉంటాయి. వానాకాలం తేమకి టేపు బూజు పడితే మళ్లీ వినలేం. మీ దగ్గర ఉంటే ఈ ఏడే బయటికి తీయండి, కాపీ చేయించండి, వెనక అట్ట మీద వంగపండు ప్రసాదరావు అని పేరు రాయండి.