ప్లాస్టోసయనిన్

కిరణజన్య సంయోగక్రియలో ఎలక్ట్రాన్లను మోసుకెళ్లే చిన్న ప్రోటీన్ ప్లాస్టోసయనిన్. ఇది హరితరేణువులోని థైలకాయిడ్ సంచుల లోపలి ఇరుకైన కుహరంలో ఉంటుంది. సైటోక్రోమ్ బి6ఎఫ్ సంక్లిష్టం దగ్గర ఒక ఎలక్ట్రాన్‌ను అందుకొని, మొదటి కాంతి వ్యవస్థలోని పి700 అనే పత్రహరిత కేంద్రానికి అప్పగిస్తుంది. కాంతి తాకిడికి పి700 కోల్పోయిన ఎలక్ట్రాన్ స్థానం అలా భర్తీ అవుతుంది.

జపాన్ శాస్త్రవేత్త సకాయె కాతో 1960లో క్లోరెల్లా అనే ఏకకణ శైవలంలో దీన్ని కనుగొన్నారు. పేరులోని ‘సయనిన్’కు మూలం నీలం అనే అర్థమున్న గ్రీకు మాట. ఎలక్ట్రాన్ లేనప్పుడు ఈ ప్రోటీన్ నీలంగా ఉంటుంది, ఎలక్ట్రాన్ చేరగానే రంగు పోతుంది.

మొక్కల ప్లాస్టోసయనిన్‌లో ఎక్కువగా 99 అమైనో ఆమ్లాలు ఉంటాయి. అణుభారం సుమారు 10,500. సిడ్నీ విశ్వవిద్యాలయంలో హాన్స్ ఫ్రీమన్ బృందం పాప్లర్ చెట్టు ఆకుల నుంచి తీసిన ప్రోటీన్‌ను స్ఫటికాలుగా మార్చి, 1978లో దాని త్రిమితీయ నిర్మాణాన్ని వెల్లడించింది. ఎనిమిది బీటా పోగులు పీపా ఆకారంలో చుట్టుకొని ఉంటాయి. పీపా ఒక కొసన, ఉపరితలానికి కాస్త లోపలగా, ఒకే ఒక్క రాగి అయాన్ ఉంటుంది.

ఆ రాగి అమరికలోనే ప్రోటీన్ నేర్పంతా ఉంది. 37, 87 స్థానాల్లోని రెండు హిస్టిడిన్లు, 84వ స్థానంలోని సిస్టీన్, 92వ స్థానంలోని మెథియోనిన్ దాన్ని పట్టి ఉంచుతాయి. సిస్టీన్ గంధకం రాగికి సుమారు 2.1 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో ఉంటే, మెథియోనిన్ గంధకం దాదాపు 2.9 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో ఉంటుంది. సాధారణ సమ్మేళనాల్లో రెండు ధనావేశాలున్న రాగి చుట్టూ బంధాలు చదరంగా పరుచుకుంటాయి. ఒకే ధనావేశమున్న రాగికి చతుర్ముఖి అమరిక నప్పుతుంది. ఎలక్ట్రాన్ వచ్చిన ప్రతిసారీ, పోయిన ప్రతిసారీ బంధాలన్నీ కదిలి సర్దుకోవలసి వస్తే చాలా శక్తి ఖర్చవుతుంది, వేగం పడిపోతుంది. ప్లాస్టోసయనిన్ రాగిని ముందే ఒక వంకర చతుర్ముఖి భంగిమలో బిగించి ఉంచుతుంది. రాగిని తీసేసినా ఆ గూడు రూపం పెద్దగా మారదు. అందుకే ఎలక్ట్రాన్ రాకపోకలకు పెద్ద మార్పులేవీ అవసరం ఉండవు.

దీని చిక్కటి నీలానికీ కారణం ఈ గూడే. పొలాల్లో తెగుళ్ల మందుగా వాడే మైలుతుత్తం నీలమూ రాగి వల్ల వచ్చేదే. కానీ ఒక్కో రాగి అయాన్ లెక్కన చూస్తే ప్లాస్టోసయనిన్ కాంతిని దానికి వందల రెట్లు ఎక్కువగా పీలుస్తుంది. సిస్టీన్ గంధకం నుంచి రాగి వైపు ఆవేశం మళ్లడమే ఇందుకు మూలం. శోషణ 597 నానోమీటర్ల దగ్గర గరిష్ఠం.

దీని రెడాక్స్ పొటెన్షియల్ సుమారు 370 మిల్లీవోల్టులు. ప్రోటీన్ ఉపరితలం మీద ఒకచోట ఆమ్ల స్వభావమున్న అమైనో ఆమ్లాలు గుమిగూడి ఋణావేశంతో ఉంటాయి. భాగస్వామి ప్రోటీన్ల ధనావేశ భాగాలు వాటి వైపు ఆకర్షణకు లోనవుతాయి. మొదటి కాంతి వ్యవస్థలో ఆ పని పిఎస్ఎఎఫ్ ఉపభాగానిది. సరిగ్గా కుదురుకున్నాక 87వ హిస్టిడిన్ పక్కనున్న జలవిరోధి భాగం మీదుగా ఎలక్ట్రాన్ దాటుతుంది. ఈ దాటుకు 10 నుంచి 20 మైక్రోసెకన్లు చాలు.

ప్లాస్టోసయనిన్ జన్యువు హరితరేణువులో కాక కణ కేంద్రకంలో ఉంటుంది. ఆవాల కుటుంబపు అరబిడాప్సిస్‌లో రెండు జన్యువులున్నాయి. కణద్రవ్యంలో తయారైన ప్రోటీన్ ముందు హరితరేణువు పొరలను, ఆపై థైలకాయిడ్ పొరను దాటాలి. దారి చూపే సంకేత ఖండాలు రెండు విడతల్లో తెగిపోతాయి. రాగి వేరే దారిన వస్తుంది. హరితరేణువు పొరలో పిఎఎ1, థైలకాయిడ్ పొరలో పిఎఎ2 అనే పంపులు దాన్ని లోపలికి చేరుస్తాయి.

రాగి కొరత ఏర్పడితే క్లామిడోమోనాస్ వంటి శైవలాలు, కొన్ని సయనోబాక్టీరియాలు ప్లాస్టోసయనిన్‌ను పక్కనబెట్టి, ఇనుముతో పనిచేసే సైటోక్రోమ్ సి6తో నెట్టుకొస్తాయి. నేల మొక్కలకు ఆ వెసులుబాటు లేదు. రెండు ప్లాస్టోసయనిన్ జన్యువులూ పనిచేయని అరబిడాప్సిస్ మొక్క సొంతంగా ఆహారం తయారుచేసుకొని బతకలేదు. కాబట్టి రాగి తగ్గినప్పుడు మొక్క మైక్రోఆర్‌ఎన్‌ఏ 398 సాయంతో, రాగి అవసరమైన సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ ఎంజైముల తయారీని తగ్గించి, ఉన్న కాస్త రాగినీ ప్లాస్టోసయనిన్‌కు మిగులుస్తుంది.